కొడైకానల్‌లో ఉన్న డాక్టరమ్మ

మాంటిస్సోరి అనగానే మాకు ఫీజులెక్కువ తీసుకునే నర్సరీ బడి బోర్డే గుర్తొస్తుంది. కానీ మారియా మాంటిస్సోరి మొదట వైద్యురాలు. 1870లో ఇటలీలో పుట్టి, 1896లో రోమ్‌లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. బుద్ధిమాంద్యమని ముద్ర వేసి పిచ్చాసుపత్రుల్లో పడేసిన పిల్లల్ని అక్కడే చూశారు. తిండి అయ్యాక నేలమీది రొట్టె తునకల కోసం వాళ్లు పాకులాడేవారట. అది ఆకలి కాదని, చేతికి పట్టుకోను ఏ వస్తువూ లేకపోవడమని ఆమె పోల్చుకున్నారంటారు.

ఇటార్, సెగాన్ అనే ఫ్రెంచి వైద్యుల రాతలు చదివారు. 1900లో అలాంటి పిల్లల కోసం రోమ్‌లో తెరిచిన బడిని నడిపారు. చెక్క అక్షరాలను వేలితో తడిమించి రాత నేర్పారు. కొందరు మామూలు పిల్లలతో పాటు పరీక్ష రాసి గట్టెక్కారు. అందరూ మెచ్చుకుంటుంటే ఆమెకు వేరే దిగులు: ఏ లోపమూ లేని పిల్లల్ని వాళ్ల బళ్లు ఎక్కడ ఆపేస్తున్నాయి? 1907లో శాన్ లొరెంజో పేటలో పెట్టిన పిల్లల ఇల్లు ఆ దిగులులోంచి వచ్చిందే.

1939లో మద్రాసు అడయారుకు వచ్చారు. యుద్ధంలో ఇటలీ బ్రిటన్‌కు శత్రుదేశం కావడంతో ఇక్కడే ఉండిపోయారు. 1942 నుంచి 1944 వరకు కొడైకానల్‌లో ఉన్నారు. అప్పట్లో మన కంబమూ కొడైకానలూ ఒకే మదురై జిల్లా. 1952లో నెదర్లాండ్స్‌లో కన్నుమూశారు.

ఇంట్లో తెలుగు, బయట తమిళం మధ్య నోరు మెదపని పిల్లవాణ్ణి మందమతి అని మేమూ ఒకసారి రాసేశాం. ఈ ఏడు ఉప్పుకాగితంతో తెలుగు అ, తమిళ అ కత్తిరించి అట్టకు అంటించాం. వాడి వేలు ముందు తెలుగు అ మీదికే పోయింది.