గోలీ జార్జ్ వెజినా

ఆటల పీరియడ్‌లో గోలీగా నిలబడమంటే మనలో ఎవ్వరూ ముందుకు రారు. చివరికి నన్నే తోస్తారు. అందుకే ఈసారి గోడపత్రికకి ఒక గోలీ జీవితం రాస్తున్నాను. ఆయన ఆడింది మన హాకీ కాదు, ఐస్ హాకీ. గడ్డకట్టిన మంచు మీద, అడుగున ఇనుప బద్దీ ఉన్న స్కేట్లు తొడుక్కుని జారుతూ ఆడతారు. బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది.

జార్జ్ వెజినా 1887 జనవరి 21న కెనడాలోని క్విబెక్ రాష్ట్రం, షికూటిమీ అనే ఊళ్ళో పుట్టారు. నాన్నది రొట్టెల దుకాణం. చిన్నప్పుడు మామూలు బూట్లతోనే గోల్ కాసేవారట. 1910 ఫిబ్రవరిలో డబ్బులిచ్చి ఆడించే మాంట్రియల్ కెనేడియన్స్ జట్టు వాళ్ళ ఊరొచ్చి ఓడిపోయింది. కారణం ఈయనే! ఆ ఏడాది చివర్లో ఆ జట్టే ఈయన్ని పిలిపించుకుంది.

అప్పట్లో గోలీ మంచు మీద పడి పక్‌ని ఆపకూడదు. నిలబడే ఆపాలి. నేనైతే సగం గోల్స్ పడే ఆపుతాను.

1916 మార్చిలో స్టాన్లీ కప్ కోసం అమెరికా నుంచి పోర్ట్‌లాండ్ జట్టు మాంట్రియల్ వచ్చింది. ఐదు ఆటల్లో మూడు గెలిచినవాళ్ళదే కప్. మొదటి ఆట పోర్ట్‌లాండ్ 2-0తో గెలిచింది. తర్వాతి రెండూ మాంట్రియల్‌వి. నాలుగోది మళ్ళీ పోర్ట్‌లాండ్‌ది, 6-5. ఇంక మిగిలింది ఒక్కటే. మార్చి 30న ఆ ఆటలో వెజినా ఒక్క గోలే ఇచ్చారు, వాళ్ళవాళ్ళు రెండు కొట్టారు. కెనేడియన్స్‌కి అదే మొదటి కప్. అప్పుడే పుట్టిన కొడుక్కి మార్సెల్ స్టాన్లీ అని పేరు పెట్టుకున్నారు. ఆయనకి ఇరవై రెండు మంది పిల్లలని జనం చెప్పుకునేవారు గానీ అది ఒట్టి పుకారు.

1924లో ఇంకో కప్పు వచ్చింది. పదిహేనేళ్ళలో ఒక్క ఆట కూడా మానలేదు. అలా మానకపోవడం గొప్పే గానీ, చివర్లో ఒంట్లో బాగాలేదని ఎవరికీ చెప్పకపోవడమే నాకు నచ్చలేదు. 1925 నవంబరు 28న జ్వరంతోనే దిగారు. మొదటి భాగంలో ఒక్క గోల్ ఇవ్వలేదు. రెండో భాగం మొదలవగానే మంచు మీద కూలిపోయారు. డాక్టర్లు క్షయ అన్నారు. ఇప్పుడైతే ఆరు నెలలు మాత్రలు మింగితే నయమవుతుంది. క్షయని నయం చేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ని 1943లో గాని కనిపెట్టలేదు. 1926 మార్చి 27న సొంత ఊళ్ళోనే చనిపోయారు. ముప్పై తొమ్మిదేళ్ళే.

తర్వాత కెనేడియన్స్ యజమానులు ఆయన పేరు మీద గోలీలకి బహుమతి పెట్టారు. మొదటిసారి అది ఆయన స్థానంలోకి వచ్చిన జార్జ్ హెయిన్స్‌వర్త్‌కే వచ్చింది.