కథలు పంచిన కొ.కు.

తెనాలిలో పదమూడేళ్ళ అబ్బాయి ఒకడు థ్రిల్లర్ నవల రాయడం మొదలుపెట్టాడు. ఇది 1920ల మొదట్లో మాట. అప్పటికే ఆ అబ్బాయికి తల్లీ తండ్రీ ఇద్దరూ లేరు. అయిదో ఏట తండ్రి పోయారు, పదకొండో ఏట తల్లి పోయారు. అన్నగారు వెంకటసుబ్బయ్యగారికి రచనలో, ప్రచురణలో ఆసక్తి ఉండేది. తాను చదివే ఇంగ్లీషు పుస్తకాలను తమ్ముడికి అలవాటు చేసింది ఆయనే. ఆ పుస్తకాల ఊపులోనే తమ్ముడు కలం పట్టాడు. పద్యాలు కూడా రాసేవాడు. కొన్నాళ్ళకు పద్యాలు ఆగిపోయాయి, థ్రిల్లర్ కూడా మధ్యలోనే ఆగిపోయింది. రాయడం మాత్రం ఆగలేదు. ఆ అబ్బాయే కొడవటిగంటి కుటుంబరావు. తెలుగు పాఠకులు ఆయనను ముద్దుగా కొ.కు. అంటారు.

పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంటూ ఒకరి జీవితం గురించి రాయమంటే ముందు సెల్యులార్ జైలు ఖైదీలు గుర్తురావడం సహజం. వాళ్ళ గురించి మన పత్రికలో ఏటా చదువుతూనే ఉన్నాం, ఈసారి కూడా హిందీ విభాగంలో చదువుతారు. మేము కొ.కు.ను ఎంచుకోవడానికి కారణం మన లైబ్రరీ పీరియడ్. ఎవరు ఏం చదువుతున్నారో లేచి రెండు నిమిషాలు చెప్పాలన్నది అక్కడ నియమం. బెంగాలీ ఇళ్ళ పిల్లలు ఫెలూదా గురించి, బ్యోమకేశ్ గురించి కళ్ళు పెద్దవి చేసుకుని చెబుతారు. ఒకరు హ్యారీ పాటర్ అంటారు, ఒకరు దెయ్యాల కథలంటారు. తెలుగు ఇళ్ళ పిల్లల వంతు వచ్చేసరికి వాళ్ళూ హ్యారీ పాటరే అంటారు. తెలుగులో డిటెక్టివ్‌లు ఉన్నారా, మాంత్రికులు ఉన్నారా, లేక పాఠ్యపుస్తకంలోని పద్యాలేనా అని ఎనిమిదో తరగతిలో ఒకరు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు కొ.కు. జీవితంలో దొరుకుతుందని మాకు అనిపించింది.

ఆయన 1909 అక్టోబరు 28న తెనాలిలో పుట్టారు. బడి చదువు అక్కడే సాగింది. హైస్కూలు పూర్తి కాకముందే పెళ్ళి చేశారు, ఆ రోజుల్లో అది మామూలే. ఇంటర్మీడియట్ గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో, బి.ఎ. విజయనగరం మహారాజా కళాశాలలో చదివారు. తీసుకున్న విషయం భౌతికశాస్త్రం. కథలు రాసేవాళ్ళు సైన్సుకు పనికిరారనుకునే పదకొండో తరగతివాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. 1929లో ఎమ్మెస్సీ కోసం బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం వెళ్ళారు. సరిగ్గా అప్పుడే ప్రపంచమంతటా ఆర్థికమాంద్యం వచ్చిపడింది. పల్లెల్లో పంటలకు ధరలు పడిపోయాయి, పిల్లల చదువులకు డబ్బు పంపలేని స్థితి ఏర్పడింది. ఆయన ఎమ్మెస్సీ మధ్యలోనే వదిలి ఇంటికి వచ్చారు. 1931లో గృహలక్ష్మి పత్రికలో మొదటి కథ ‘ప్రాణాధికం’ అచ్చయింది.

తరవాత ఇరవై ఏళ్ళు ఆయన ఒకచోట కుదురుగా ఉన్నది తక్కువ. ట్యూషన్లు చెప్పారు. సిమ్లా, బొంబాయి, ఒడిశాలోని జయపూరు అంటూ ఉద్యోగాల కోసం ఊళ్ళు మారారు. మద్రాసులో ఆంధ్రపత్రికలో పనిచేశారు, కొన్ని నెలలు ‘కినిమా’ అనే సినిమా పత్రిక చూశారు. మూడేళ్ళకోసారి మూటాముల్లె సర్దుకునే మన ఇళ్ళకు ఈ జాబితా కొత్తగా ఏమీ అనిపించదు. తేడా ఏమిటంటే, మన బదిలీలకు ఆర్డరు వస్తుంది, సామాను వెళ్ళే ఓడ తేదీ కూడా తెలుస్తుంది. ఆయనకు ముందున్న ఉద్యోగం ఏమిటో కూడా తెలియదు. ఆ తిరుగుడులోనే కథలు, నవలలు వరసగా వచ్చాయి. సామాన్యుల ఇళ్ళల్లో డబ్బు మనుషులను ఎలా ఆడిస్తుందో రాసిన కథలవి. ‘చదువు’ అనే నవల సుందరం అనే కుర్రవాడి చదువు కథ. పలక పట్టిన రోజు నుంచి కాలేజీ దాకా నడుస్తుంది. పదో తరగతి దాటాక తప్పకుండా చదవండి. ఇప్పుడే మొదలుపెడితే విసుగు పుట్టవచ్చు.

1952లో ఆయన ‘చందమామ’లో చేరారు. మరణించేదాకా, అంటే ఇరవై ఎనిమిదేళ్ళు, అక్కడే ఉన్నారు.

చందమామ గురించి మీలో చాలామంది వినలేదని మాకు తెలుసు. పత్రిక అచ్చు ఆగిపోయి పదేళ్ళు దాటింది. కానీ మీ అమ్మమ్మలను, తాతయ్యలను అడిగి చూడండి. 1947 జులైలో, స్వాతంత్ర్యం రావడానికి నెల ముందు, బి. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి మద్రాసులో ఈ పిల్లల మాసపత్రికను మొదలుపెట్టారు. చక్రపాణి కూడా తెనాలివారే. క్షయవ్యాధికి మదనపల్లె శానిటోరియంలో చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చుకుని, శరత్‌చంద్రుడి నవలలను తెలుగులోకి తెచ్చారు. శరత్ తెలుగువాడేనని నమ్మిన పాఠకులు ఉండేవారంటే ఆ అనువాదం ఎంత బాగుందో ఊహించుకోవచ్చు.

పత్రిక తెలుగులోనూ తమిళంలోనూ మొదలైంది. తరవాత ఒక్కొక్క భాషా చేరుతూ పోయింది. తమిళంలో అంబులిమామ, మలయాళంలో అంబిలి అమ్మావన్, మరాఠీలో చాందోబా, ఒడియాలో జన్హమాము. హిందీలో, కన్నడంలో చందమామే. 1955లో ఇంగ్లీషు వచ్చింది, 1972లో బెంగాలీ, ఆ తరవాత సంస్కృతం. పేరు ఏదైనా అర్థం ఒక్కటే. బొమ్మలూ అవే. వడ్డాది పాపయ్య అట్టలు, ఎం.టి.వి. ఆచార్య, చిత్ర, శంకర్ గీసిన బొమ్మలు అన్ని భాషలకూ ఒకటే, పక్కనున్న అక్షరాలు మాత్రం మారేవి. కథ ముందు తెలుగులో తయారయ్యేది. దాన్ని మిగతా భాషల అనువాదకులు తమ భాషలోకి మార్చుకునేవారు. ఆ తెలుగు కథను తయారుచేసే బల్ల దగ్గర కూర్చున్నది కొ.కు.

హాడోలో ఒకే వీధిలో తెలుగు, తమిళం, బెంగాలీ, మలయాళం ఇళ్ళుంటాయి. మీ క్లాసులో తమిళ స్నేహితురాలి అమ్మమ్మనూ మీ అమ్మమ్మనూ ఒకచోట కూర్చోబెట్టి, చెట్టు మీద నుంచి శవాన్ని దించి భుజాన వేసుకుని కత్తి చేత్తో పట్టుకుని నడిచే రాజు గురించి అడగండి. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఒకే బొమ్మ గుర్తుకు వస్తుంది. ఆ బొమ్మ శంకర్‌ది.

ఆ రాజు విక్రమార్కుడు. శవంలోని బేతాళుడు దారిలో అలసట తెలియకుండా ఒక కథ చెబుతాడు. చివర ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది. చెబితే మౌనం భంగమై బేతాళుడు శవంతో సహా మళ్ళీ చెట్టెక్కుతాడు. పాత సంస్కృత కథల్లో ఇవి పాతికే. పాతికా అయిపోయాక ఏం చెయ్యాలి? చందమామలో కొత్తవి పుట్టించారు, ఏళ్ళ తరబడి వందలకొద్దీ. వాటిలో చాలావాటి వెనక ఉన్నది కొ.కు. కలమే. మొదటి పేరా, చివరి పేరా నెలనెలా అవే ఉండేవి. మధ్యలో కథ మాత్రం ఎప్పటికప్పుడు కొత్తది. మేము క్లాసులో ఈ కథలు చదివేటప్పుడు ప్రశ్న దగ్గర ఆపేస్తాం. ఎవరి త్యాగం గొప్పది, ఎవరిది తప్పు అని రెండు వర్గాలుగా విడిపోయి గొడవపడతారు. గంట కొట్టినా లేవరు. విక్రమార్కుడి జవాబు విన్నాక కూడా ఒప్పుకోని వాళ్ళుంటారు. అలా ఒప్పుకోకపోతేనే మాకు సంతోషం.

ఇక మాంత్రికుల సంగతి. చందమామ సీరియళ్ళలో ఎక్కువ భాగం రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యం. తోకచుక్క, మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, మాయాసరోవరం. పేర్లు చదువుతుంటేనే తరవాత ఏమైందో అనిపిస్తుంది కదా. ద్వీపాలు, ఓడలు, కొండగుహలు, వింత జంతువులు ఉన్న కథలను ఈ ఊళ్ళో కూర్చుని చదవడం వేరే రుచి. ఆయన పేరు కూడా వాటి మీద పడలేదు. రాసినది ఎవరో తెలియకుండానే రెండు తరాల పిల్లలు నెలాఖరున పోస్టుమాన్ కోసం గుమ్మంలో నిలబడ్డారు.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. కొ.కు. భౌతికశాస్త్రం చదివినవారు. దెయ్యాలను, మహిమలను నమ్మరు. మార్క్సిజం వైపు నిలబడి, మూఢనమ్మకాల మీద ఘాటుగా రాశారు. సామాన్యుల కోసం సైన్సు వ్యాసాలు రాశారు. అలాంటి మనిషి ఇరవై ఎనిమిదేళ్ళు బేతాళుళ్ళతో, రాక్షసులతో ఎలా కాపురం చేశారు? జీతం కోసమేనని తీసిపారేసేవాళ్ళు ఉన్నారు. మేము ఒప్పుకోం. ఆ కథలను వరసగా చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. దెయ్యం వస్తుంది గానీ కథ భయంతో ముగియడం అరుదు. తెలివిగల పేదవాడు, ధైర్యంగల పిల్ల, మాట మీద నిలబడే సేవకుడు గెలుస్తారు. రాక్షసుడు కూడా తర్కానికి లొంగుతాడు. అబద్ధం నిజంలా చెప్పడం వేరు, కల్పన అని తెలిసి ఆడుకోవడం వేరు. ఆ తేడా సైన్సు చదివినవారికి బాగా తెలుస్తుందని మా అభిప్రాయం.

ఇంకొకటి ఆ పత్రిక తెలుగు. కష్టమైన సమాసం కనిపించదు, వాక్యం పొడుగ్గా సాగదు. ఇంట్లో మాట్లాడే తెలుగే కొంచెం దువ్వి కూర్చోబెట్టినట్టు ఉంటుంది. కథ మరో పది భాషల్లోకి వెళ్ళాలి కాబట్టి మాటల గారడీ మీద ఆధారపడకుండా జరిగే సంగతి మీదే నిలబడాలి. ఆ కట్టుబాటు వల్లే ఆ తెలుగు అంత తేటపడిందేమో అనిపిస్తుంది. రెండో తరగతి తరవాత తెలుగు బడికి దూరమైన పిల్లలకు మేము ప్రతి ఊళ్ళోనూ ముందుగా ఇచ్చేది ఈ కథలే. ఒత్తులు రాకపోయినా కథ కోసం కూడబలుక్కుంటూ చదివేస్తారు.

పాఠకులు కూడా కథలు పంపేవారు. వాటిలో కథాంశం బాగుండి రాత బాగోకపోతే కొ.కు. తిరగరాసి, పంపినవారి పేరుతోనే వేసేవారు. ఆయన పేరు మాత్రం సంపాదకుడిగా పత్రికలో ఎప్పుడూ పడలేదు. అక్కడ చక్రపాణి పేరు ఉండేది. లోకానికి కొ.కు. అంటే పెద్దవాళ్ళ నవలలు రాసే రచయిత. పిల్లలకు ఆయన ఎవరో తెలియదు. ఇది న్యాయమేనా అని మీరు అడిగితే, కాదనే అంటాం. పనిచేసినవారి పేరు ఉండాల్సిందే. ఆయన అందుకు పంతం పట్టి పని మానుకోలేదన్నది మాత్రం నిజం.

ఇంతకీ తెలుగులో డిటెక్టివ్ ఉన్నాడా? ఉన్నాడు, అదీ కొ.కు. ఇంట్లోనే. ఆయన భార్య వరూధినిగారి సోదరుడు కొమ్మూరి సాంబశివరావు. డిటెక్టివ్ యుగంధర్‌ను, అతని అసిస్టెంటు రాజును సృష్టించినది ఆయనే. ఆ నవలలను అద్దె పుస్తకాల షాపుల్లో రోజుకింత అని ఇచ్చి తెచ్చుకుని, తెల్లారేలోగా ఇల్లంతా చదివి తిరిగి ఇచ్చేవారు. బావగారు ఒకవైపు జీవితాన్ని ఉన్నదున్నట్టు రాస్తుంటే, బావమరిది మరోవైపు హంతకులను పట్టించాడు. పదమూడో ఏట కొ.కు. వదిలేసిన పనిని బావమరిది అందుకున్నట్టుందని మేము నవ్వుకుంటూ ఉంటాం.

కొ.కు. 1980 ఆగస్టు 17న మద్రాసులో కన్నుమూశారు. కథలు, నవలలు, గల్పికలు, నాటికలు, సినిమా వ్యాసాలు, సైన్సు వ్యాసాలు అన్నీ కలిపితే వేల పేజీలు. పిల్లలిద్దరూ తండ్రి అలవాట్లను చెరికొంచెం పంచుకున్నారు. కుమారుడు రోహిణీప్రసాద్ భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తగా పనిచేస్తూ తెలుగులో సైన్సు రాశారు, సితార్ వాయించారు. కుమార్తె శాంతసుందరి ఎన్నో తెలుగు రచనలను హిందీలోకి అనువదించారు. తెలుగు కన్నా హిందీ తేలిగ్గా చదివేవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. ఆమె అనువాదాలతో మొదలుపెట్టినా మాకు అభ్యంతరం లేదు.

బదిలీల్లో మాతోపాటు తిరిగిన పాత చందమామల బైండు ఒకటి తెలుగు గదిలో ఉంది. ఇక్కడి తేమకు అట్ట కొద్దిగా ఊడింది, అతికించాం. ప్రస్తుతం అది ఎనిమిదో తరగతిలో ఉంది. తరవాత ఏడు ‘బి’వాళ్ళు పేర్లు రాయించుకున్నారు. తీసుకునేవాళ్ళు పేజీల మూలలు మడవకండి. బేతాళ కథ ఎక్కడ ఆపారో చెప్పడానికి లోపల కాగితం ముక్క పెట్టాం. మీ జవాబు దాని మీద రాసి, పేరు కూడా రాసి, తరవాతివాళ్ళకు ఇవ్వండి.