డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

విద్వాంసుల కృషిని కొలుచుటకు లోకమున పలు కొలతలు గలవు. కొందఱు బిరుదులను లెక్కింతురు. కొందఱు వ్రాసిన వ్యాసములను లెక్కింతురు. శాస్త్రజ్ఞులలో మఱియొక కొలత గలదు. ఒకరి వ్యాసమును తరువాతివారు తమ పరిశోధనకు ఆధారముగా ఎన్నిమారులు పేర్కొనిరో చూచుటయే అది. ఈ లెక్కయందు మిక్కిలి ఉన్నతస్థానము నందిన వ్యాసములలో ఒకదానిపై ఆంధ్రుని పేరు గలదు. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

వీరు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు. కుటుంబము బీదది, చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవమారు ఉత్తీర్ణులైరి. పిదప చెన్నపట్టణమున వైద్యవిద్య నభ్యసించిరి. వీరు ఖద్దరు ధరించుట ఒక ఆచార్యునకు గిట్టకపోవుటచే, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమే లభించెను. సోదరు లిరువురు స్ప్రూ అను జీర్ణకోశవ్యాధిచే మరణించిరి.

1922లో వీరు అమెరికాలోని బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్రవేశించిరి. చేత ధనము లేనందున ఆస్పత్రిలో రాత్రివేళ సేవకుని పనిచేసి జీవనము గడుపుకొనిరి. తరువాత సైరస్ ఫిస్కె అను ఆచార్యుని పరిశోధనశాలలో చేరిరి.

రక్తమునందును మూత్రమునందును భాస్వరమెంత యున్నదో తెలిసికొనుట ఆ కాలమున కష్టముగా నుండెను. ఫిస్కె, సుబ్బారావుగార్లు దీనికొక సులభమార్గము కనుగొనిరి. ద్రవములోని ఫాస్ఫేటును మాలిబ్డిక్ ఆమ్లముతో కలిపి, మఱియొక రసాయనమును చేర్చినచో నీలిరంగు పుట్టును. భాస్వరమెంత హెచ్చుగా నున్న రంగంత చిక్కనగును. ఆ రంగును తెలిసిన పరిమాణముగల ద్రవపు రంగుతో పోల్చినచో లెక్క తేలును. ఈ పద్ధతిని వివరించు వ్యాసము 1925లో ప్రకటింపబడెను. స్వల్పపరిమాణముగల ద్రవముతోనే త్వరగా ముగియు పని యగుటచే, దేశదేశముల పరిశోధనశాలలు దాని నవలంబించెను.

ఈ పద్ధతియే వారి కొక క్రొత్త దారి చూపెను. కండరముల రసమును పరీక్షించునపుడు నీలిరంగు వెంటనే రాక, మెల్లమెల్లగా పుట్టుచుండెను. మఱియొకరైన పరీక్ష చెడినదని ఆ రసమును పారబోసియుందురేమో! వీ రట్లు చేయక, ఆ ఆలస్యమునకు కారణము వెదకిరి. పరీక్షాసమయముననే విచ్ఛిన్నమగుచు ఫాస్ఫేటును విడుచు పదార్థ మొకటి కండరములో నున్నదని తేలెను. అదియే ఫాస్ఫోక్రియాటిను. 1927లో దీనిని ప్రకటించిరి. ఇంగ్లండులోని ఎగిల్టను దంపతులు ఆ కాలముననే స్వతంత్రముగా దీనిని కనుగొనిరి. 1929లో ఎ.టి.పి. అను పదార్థమును వేఱుపఱచిరి. జర్మనీలో లోమన్ సహితము అదే సంవత్సరమున దానిని కనుగొనెను. కండరములకు శక్తి ఎచ్చటనుండి వచ్చుననుటకు ఈ రెండు పదార్థములే మూలము.

అట్లయ్యును హార్వర్డులో వారికి స్థిరమగు పదవి లభింపలేదు. 1940లో లెడర్లె అను ఔషధసంస్థలో చేరి, పరిశోధనలకు నాయకత్వము వహించిరి. అచ్చటి శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. సోదరులను కబళించిన స్ప్రూవ్యాధికి ఆ ఆమ్లము ఔషధమయ్యెను. బోదకాలు వ్యాధి క్రిములను చంపు హెట్రజాను 1947లో వెలువడెను. ఫోలిక్ ఆమ్లమునకు ప్రతికూలముగా పనిచేయు అమినోప్టెరినును వాడి, రక్తపు కాన్సరుతో బాధపడు పిల్లలకు తాత్కాలికోపశమనము కలిగించినట్లు 1948లో సిడ్నీ ఫార్బరు ప్రకటించెను. ఆ వర్గమునకే చెందిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. ఆ సంవత్సరము ఆగస్టు నెలలోనే, 53వ యేట, సుబ్బారావుగారు పరదేశమున దివంగతులైరి.

1960వ దశకమున అమెరికాలో యూజీన్ గార్ఫీల్డు వ్యాసములు పేర్కొనబడిన పర్యాయములను పట్టికలుగా కూర్చుట ప్రారంభించెను. అప్పుడు 1925వ సంవత్సరపు ఆ భాస్వర వ్యాసమును వేలకొలది శాస్త్రజ్ఞులు పేర్కొనినట్లు తెలియవచ్చెను. కండరశక్తిని గూర్చిన వ్యాసములు అంతకంటె గొప్ప విషయమును తెలిపినను, అంత తఱచుగా పేర్కొనబడలేదు. పనిముట్టు ప్రతిదినము చేతికి వచ్చును; సత్యమో, పాఠ్యపుస్తకములలో చేరి కర్త పేరును మఱపించును.

విద్యార్థులారా, ఈ లెక్కలు నిజమైనవే; కాని అవి తెలుపలేని దొకటి గలదు. హెట్రజాను మాత్ర మ్రింగి వ్యాధినుండి తప్పించుకొనిన మన తీరప్రాంతపు రైతు ఏ వ్యాసమునందును సుబ్బారావుగారిని పేర్కొనలేదు. వారి పేరైనను వినియుండడు. ఆ ఋణము ఏ పట్టికకును ఎక్కలేదు. రెండు పర్యాయములు పరీక్ష తప్పిన ఒక బాలుడు మూడవమారు వ్రాయుట మానియున్నచో, ఆ పద్ధతియు నా మాత్రయు ఎవరిచేత, ఎన్నటికి వచ్చియుండెడివో!