రాతి సమాధులను చదివిన మెడోస్ టేలర్

పొలాల అంచులలో, గుట్టల వాలులలో పెద్ద బండలు వలయంగా పేర్చి, నడుమ రాళ్ళు కుప్పవోసిన కట్టడాలు అక్కడక్కడా కానవస్తాయి. తెలుగునాట ఇటువంటి ప్రాచీన సమాధులను రాకాసి గుళ్ళనీ, పాండవ గుళ్ళనీ పిలవడం వాడుక. దక్కనులో వీటిని శ్రద్ధగా పరిశీలించి, గ్రంథస్థం చేసిన తొలితరం పరిశోధకులలో ఫిలిప్ మెడోస్ టేలర్ ముఖ్యులు.

టేలర్ 1808 సెప్టెంబరు 25న ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో జన్మించారు. పదిహేనేళ్ళ ప్రాయంలో ఒక వర్తకుని కొలువు కోసం బొంబాయి వచ్చి, 1824లోనే హైదరాబాదు నిజాం సైన్యంలో చేరారు. దేశభాషలు నేర్చి ప్రజలకు సన్నిహితులయ్యారు. ఠగ్గులను గురించి 1839లో వెలువరించిన నవల ఆయనకు విశేష కీర్తి తెచ్చింది.

1841లో ఆయన సురపురం సంస్థానానికి నియమితులయ్యారు. అది నేటి కర్ణాటకలోని యాదగిరి జిల్లాలో ఉంది. రాజా వెంకటప్ప నాయకుడు అప్పటికి బాలుడు. పాలనా వ్యవహారాలు చూస్తూనే టేలర్ ఆ పరిసరాలలోని రాతి సమాధులను పరిశీలించారు. జేవర్గి వద్ద కొన్నింటిని త్రవ్వించగా అస్థిపంజరాలు, మట్టిపాత్రలు బయల్పడ్డాయి. నిధుల వేటగాడివలె ఆయన వాటిని చిందరవందర చేయలేదు. ఏ పొరలో ఏది ఉన్నదో కొలిచి, నిలువుకోత చిత్రాలు గీశారు. ఐరోపాలోని సమాధులతో పోల్చి, రెండింటినీ ఒకే జాతివారు నిర్మించారని ఆయన భావించారు. ఆ ఊహను తరువాతి పండితులు అంగీకరించలేదు. అయితే ఆయన చిత్రాల విలువ తగ్గలేదు. 1947లో చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో త్రవ్వకాలు జరిపిన మార్టిమర్ వీలర్ సైతం ఆ పద్ధతిని మెచ్చుకున్నారు.

టేలర్ 1853లో సురపురం వీడారు. 1858లో రాజా తిరుగుబాటు చేసి, బందీయై, ఆ ఏడే మరణించారు. 1860లో స్వదేశం చేరిన టేలర్ 1876 మే 13న ఫ్రాన్సులోని మాంతోనులో కన్నుమూశారు.

ఒకసారి కదిలించిన సమాధిని తిరిగి యథాతథంగా నిలపడం అసాధ్యం. టేలర్ త్రవ్వినవాటికి కనీసం చిత్రాలు మిగిలాయి. పొలం చదునుకో, గోడకట్టుకో, కంకరకో రాళ్ళు తరలించినచోట అదీ మిగలదు. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించిన స్థలాన్ని పాడుచేస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ప్రకటనకు నోచుకోని వాటికి ఆ రక్షణ లేదు. కొప్పళ జిల్లా హిరేబెణకల్ సమాధులు 2021లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. జాబితాలకెక్కని రాతివలయాలకు మాత్రం ఆ ఊరి రైతులే కావలివారు.