గ్రహణిని జయించిన ఆంధ్రుడు

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. స్ప్రూ అను గ్రహణీరోగము వారి ఇద్దరు సోదరులను బలిగొనెను. వారును దానిచే పీడితులై బ్రదికిరి. నురుగుతోగూడిన విరేచనములు, నాలుకపూత, పాండురోగము దీని లక్షణములు. చూపునకు సామాన్యాతిసారమువలె నుండును గాని, తిన్న యన్నము ప్రేవులలో నొంటబట్టకుండుటయే దీని తత్త్వము. అది గుర్తింపనిచో చికిత్స వ్యర్థము.

మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి, ఆంగ్లేయుడగు శస్త్రాచార్యుని ఆగ్రహమునకు గురియై, తక్కువ పట్టముతో వెలువడిన వారు అమెరికా కేగిరి. లెడర్లీ పరిశోధనాలయమున వారి నాయకత్వమున 1945లో ఫోలికామ్లము కృత్రిమముగ తయారయ్యెను. సోదరులను హరించిన వ్యాధికి అదియే ఔషధమయ్యెను. 1948లో వారు న్యూయార్కున గతించిరి. ఇంటి దుఃఖమును లోకమునకు మందుగా మార్చిన యీ ఆంధ్రుని చరిత్ర మన బిడ్డలు చదువవలదా?