మీర్ మహబూబ్ అలీ ఖాన్

మీర్ మహబూబ్ అలీ ఖాన్ (1866 - 1911) హైదరాబాదు రాజ్యాన్ని పాలించిన ఆరవ నిజాం. అసఫ్ జాహీ వంశానికి చెందిన ఇతనిని ప్రజలు మహబూబ్ అలీ పాషా అని పిలిచేవారు. రెండున్నరేళ్ల ప్రాయంలో సింహాసనానికి వారసుడై, 45 ఏళ్ల వయసులో మరణించే వరకు నిజాంగా కొనసాగాడు. దాతృత్వానికీ, విలాసానికీ, వేటకూ, గుర్రపు స్వారీకీ ఇతడు పేరొందాడు. హైదరాబాదులో గుర్రపు పందేలు మలక్‌పేటలో స్థిరపడటానికి ఇతని అభిరుచే కారణం. ఆబిడ్స్ అనే పేరు ఇతని సేవకుని వల్ల వచ్చినది. నాంపల్లిలోని పలు కట్టడాలు ఇతని కాలానికి చెందినవి. ఈ వ్యాసంలో ఇతని జీవితంతో పాటు, ఇతడు ప్రోత్సహించిన గుర్రపు పందేలు, వాటిపై బెట్టింగు, గుర్రాల సంక్షేమంపై తరువాతి కాలంలో సాగిన చర్చ కూడా వివరించబడినవి.

బాల్యం, పట్టాభిషేకం

మహబూబ్ అలీ ఖాన్ 1866 ఆగస్టులో హైదరాబాదులోని పురానీ హవేలీలో జన్మించాడు. తండ్రి ఐదవ నిజాం అఫ్జల్ ఉద్దౌలా 1869 ఫిబ్రవరిలో మరణించడంతో పసివాడైన మహబూబ్‌ను గద్దెపై కూర్చోబెట్టారు. దివాను మొదటి సాలార్‌జంగ్, షమ్సుల్ ఉమ్రా సంరక్షకులుగా రాజ్యభారం వహించారు. బాలునికి అరబ్బీ, ఫారసీ, ఉర్దూలతో పాటు ఆంగ్లం నేర్పడానికి ఆంగ్లేయులైన ఉపాధ్యాయులను నియమించారు. చదువుతో పాటు స్వారీ, తుపాకి గురి కూడా ఇతని శిక్షణలో భాగంగా ఉండేవి.

1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగ్ మరణించాడు. మరుసటి సంవత్సరం, 1884 ఫిబ్రవరి 5న వైస్రాయి లార్డ్ రిప్పన్ స్వయంగా హైదరాబాదుకు వచ్చి మహబూబ్‌కు పూర్తి అధికారాలు అప్పగించాడు.

వ్యక్తిత్వం

మహబూబ్ అలీ ఖాన్ ఉర్దూలో కవిత్వం వ్రాశాడు. "ఆసిఫ్" ఇతని కలంపేరు. ప్రసిద్ధ కవి దాగ్ దెహల్వీని తన గురువుగా ఆదరించాడు. ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్‌ను ఆస్థానంలో నియమించాడు. వేసుకున్న దుస్తులను మరల వేసుకునేవాడు కాదని చెబుతారు. పురానీ హవేలీలో ఇతని కోసం నిర్మించిన రెండంతస్తుల పొడవైన దుస్తుల గది నేటికీ సందర్శకులను ఆకర్షిస్తున్నది.

రాత్రివేళ మారువేషంలో నగరంలో తిరిగి పేదల కష్టసుఖాలు తెలుసుకునేవాడని కథలు ప్రచారంలో ఉన్నాయి. పాము కరచినపుడు ఇతని పేరు తలచుకుంటే విషం ఎక్కదనే నమ్మకం కూడా ప్రజలలో ఉండేది. ఇటువంటి కథలకు చారిత్రక ఆధారాలు లేకున్నా, సామాన్య జనం ఇతనిని ఎంతగా అభిమానించేవారో అవి తెలుపుతాయి.

ఆబిడ్స్, నాంపల్లి

ఆర్మీనియా మూలాలు గల ఆల్బర్ట్ ఆబిద్ ఇతని ఆంతరంగిక సేవకుడు. నిజాం దుస్తులు, గడియారాలు, ఆభరణాల బాధ్యత ఇతనిదే. 1891లో సిమ్లా నగల వర్తకుడు జాకబ్ ఒక పెద్ద వజ్రాన్ని నిజాముకు అమ్మజూపినపుడు ఆబిద్ మధ్యవర్తిగా ఉన్నాడు. ఆ బేరం చెడి, కలకత్తా హైకోర్టు వరకు వెళ్లింది. జాకబ్ నిర్దోషిగా బయటపడగా వజ్రం చివరకు నిజాం వద్దనే మిగిలింది. అదే నేటి జాకబ్ వజ్రం. 1995లో భారత ప్రభుత్వం నిజాం ఆభరణాలతో పాటు దానిని కొనుగోలు చేసింది.

ఆబిద్ ఒక దుకాణం కూడా నడిపాడు. ఆ దుకాణం ఉన్న ప్రాంతానికే క్రమంగా ఆబిడ్స్ అనే పేరు స్థిరపడింది. 1891లో స్థాపించబడిన అసఫియా గ్రంథాలయం కూడా మొదట ఆబిడ్స్‌లోనే ఉండేది. సమీపంలోని నిజాం కళాశాల 1887లో ప్రారంభమయినది. గన్‌ఫౌండ్రీలోని మహబూబియా బాలికల పాఠశాల ఇతని పేరు మీద 1907లో ఏర్పడింది.

అదే 1907లో నాంపల్లిలో హైదరాబాదు రైల్వే స్టేషను ప్రారంభమయినది. ఇతని నలభయ్యవ జన్మదినం సందర్భంగా ప్రజల చందాలతో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ పక్కన టౌన్ హాలు నిర్మాణం తలపెట్టారు. 1905లో శంకుస్థాపన జరిగిన ఈ భవనం 1913లో, అనగా ఇతని మరణానంతరం, పూర్తయింది. తరువాతి కాలంలో ఇది శాసనసభ భవనమైనది. ఇతని కవితాగురువు దాగ్ దెహల్వీ 1905లో మరణించగా నాంపల్లిలోని యూసుఫైన్ దర్గా ఆవరణలో సమాధి చేశారు.

గుర్రపు పందేలు

హైదరాబాదులో వ్యవస్థీకృతమైన గుర్రపు పందేలు 1868లో మౌలాలీలో మొదలైనట్లు హైదరాబాదు రేస్ క్లబ్ చరిత్ర తెలుపుతున్నది. సికింద్రాబాదులోని ఆంగ్లేయ సైనికాధికారులకు, నగరంలోని నవాబులకు ఇది ఇష్టమైన వినోదం. మహబూబ్ అలీ ఖాన్‌కు పందేలంటే ఎంతో మక్కువ. అందువలన 1886లో పందేలను మూసీ నదికి దక్షిణాన ఉన్న మలక్‌పేటకు మార్పించాడు. మైదానానికి దగ్గరలో మహబూబ్ మాన్షన్ అనే భవంతి ఉండేది. తరువాతి కాలంలో ఆ పేరుతోనే అక్కడి వ్యవసాయ మార్కెట్టు ప్రసిద్ధి చెందింది.

ఆ కాలంలో దక్కనులో గుర్రాలకు మంచి గిరాకీ ఉండేది. అరబ్బీ జాతి గుర్రాలు బొంబాయి రేవు మీదుగా వచ్చేవి. నాటి హైదరాబాదు రాజ్యంలోని నాందేడ్ ప్రాంతంలో మాలేగాఁవ్ ఖండోబా జాతర పెద్ద గుర్రాల సంతగా పేరు పొందింది. సైన్యానికి, బండ్లకు, పోలో ఆటకు, పందేలకు వేర్వేరు రకాల గుర్రాలు కావలసి వచ్చేవి. వాటి వెనుక సైసులు, నాలాలు కొట్టేవారు, గడ్డి అమ్మేవారు మొదలైన ఎందరో జీవనోపాధి పొందేవారు.

గుర్రపు పందేలు ముఖ్యంగా రెండు రకాలు. చదును నేలపై పరుగెత్తించేవి మొదటి రకం. కంచెలు, గోతులు దూకిస్తూ పరుగెత్తించేవి రెండవ రకం. వీటిని స్టీపుల్‌చేజ్ అంటారు. ఐరోపాలో పుట్టిన ఈ రెండవ రకాన్ని ఆంగ్లేయ సైనికులు తమతో కంటోన్మెంట్లకు తెచ్చారు. నేడు మలక్‌పేటతో సహా భారతదేశపు ప్రధాన రేస్ క్లబ్బులలో చదును నేల పందేలే జరుగుతున్నాయి.

జూద చట్టం

మహబూబ్ అలీ ఖాన్ పాలనలోనే, 1305 ఫసలీలో (1895-96) హైదరాబాదు జూద చట్టం వచ్చింది. ఒకవైపు రాజు అభిమానించే పందెపు మైదానం, మరొకవైపు జూదగృహాలను శిక్షించే చట్టం ఒకే పాలనలో ఉండటం గమనించదగ్గ విషయం. ఏది జూదం, ఏది నైపుణ్యం అనే ప్రశ్నకు ఇక్కడే బీజం పడింది. ఇతని మరణం తరువాత అనేక దశాబ్దాల పాటు న్యాయస్థానాలు ఈ ప్రశ్నను విచారించాయి.

జంతువుల పట్ల వైఖరి

పులుల వేట ఆనాటి రాజులకు ప్రతిష్ఠాత్మకమైన విషయం. మహబూబ్ అలీ ఖాన్ పేరు పొందిన వేటగాడు. చంపిన పులుల పక్కన ఇతడు నిలబడి ఉన్న దీన్‌దయాళ్ ఛాయాచిత్రాలు ప్రసిద్ధమైనవి.

ఇతని ప్రభుత్వం ఖర్చు భరించిన హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు (1888, 1889) వైద్యచరిత్రలో ప్రముఖమైనవి. రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో జరిగిన ఈ ప్రయోగాలు మత్తుమందు వలన మరణం ఎలా సంభవిస్తుందో తెలుసుకోవడానికి ఉద్దేశించబడ్డాయి. మనుషుల శస్త్రచికిత్సలను సురక్షితం చేయాలనే ఈ ప్రయత్నంలో కుక్కలు, కోతులు మొదలైన వందలాది జంతువులు ప్రాణాలు కోల్పోయాయి. మనిషి మేలు కోసమో, వినోదం కోసమో జంతువును వినియోగించడం ఆనాడు సహజంగానే భావించబడేది. బ్రిటిష్ ఇండియాలో 1890లో జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం వచ్చినా, పందెపు గుర్రం బాగోగులు మాత్రం యజమాని దయాదాక్షిణ్యాల మీదనే ఆధారపడి ఉండేవి.

మూసీ వరదలు, మరణం

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి భయంకరమైన వరద వచ్చింది. వేలాది మంది మరణించారు. నిజాం బాధితుల కోసం తన భవనాల తలుపులు తెరిపించి, అన్నదానం ఏర్పాటు చేశాడు. హిందూ సంప్రదాయం ప్రకారం నదికి హారతి ఇచ్చి శాంతింపజేశాడని నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడాది వరద నివారణకు సలహా ఇవ్వడానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచనల ఫలితంగానే తరువాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు వెలిశాయి.

మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా ప్యాలెస్‌లో మరణించాడు. మక్కా మసీదు ఆవరణలో ఇతనిని సమాధి చేశారు. కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏడవ నిజాం అయ్యాడు.

మరణానంతరం పందేలు, చట్టం

రాజు మరణంతో మలక్‌పేట పందేలు ఆగి, సికింద్రాబాదు పరేడ్ మైదానానికి తరలిపోయాయి. ఒక వ్యక్తి అభిరుచి మీద నిలిచిన వేడుక ఆ వ్యక్తితోనే కదిలిపోయింది. 1961లో హైదరాబాదు రేస్ క్లబ్ ఏర్పడింది. 1968లో పందేలు తిరిగి మలక్‌పేటకు చేరాయి. రాజుల కాలంలో దర్బారు వినోదంగా ఉన్నది ఈ విధంగా టిక్కెట్టు కొన్న ఎవరైనా పాల్గొనగలిగే వ్యాపారంగా మారింది. ఇక్కడి పందేలలో దక్కన్ డెర్బీ ప్రముఖమైనది.

బెట్టింగు రెండు విధాలుగా జరుగుతుంది. టోట్ పద్ధతిలో అందరి డబ్బు ఒకచోట చేర్చి, పన్ను, క్లబ్బు వాటా మినహాయించి మిగిలినది గెలిచిన టిక్కెట్లకు పంచుతారు. కాబట్టి ఎక్కువ మంది నమ్మిన గుర్రం గెలిస్తే ఒక్కొక్కరికి వచ్చేది తక్కువ. బుకీ పద్ధతిలో ముందే చెప్పిన రేటు ప్రకారం బుకీ చెల్లిస్తాడు. రెండింటిలోనూ పన్ను, వాటా, బుకీ లాభం పోగా మిగిలినదే పందెం కాసినవారికి చేరుతుంది. కనుక పందెం కాసేవారందరినీ కలిపి చూస్తే నష్టమే మిగులుతుంది.

1305 ఫసలీ నాటి చట్టం 1967లో సుప్రీం కోర్టు ముందుకు వచ్చింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆటకు సంబంధించిన ఆ కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడినదని న్యాయస్థానం తీర్పు చెప్పింది. 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం పాత చట్టం స్థానంలో వచ్చింది. పందెం జరిగే రోజున, లైసెన్సు గల మైదానంలో కేటాయించిన ఆవరణలో గుర్రాలపై కాసే పందేన్ని ఈ చట్టం జూదంగా పరిగణించలేదు. మద్రాసు రేస్ క్లబ్బుకు సంబంధించిన కేసులో 1996లో సుప్రీం కోర్టు, గుర్రపు పందెం నైపుణ్య క్రీడ అని తేల్చింది. గుర్రం వంశం, శిక్షణ, జాకీ సామర్థ్యం ఫలితాన్ని నిర్ణయిస్తాయన్నది ఆ తీర్పు సారాంశం. 2017లో తెలంగాణ ప్రభుత్వం చట్టాన్ని సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను, రమ్మీతో సహా, నిషేధించింది. మలక్‌పేట పందేలు మాత్రం కొనసాగాయి.

గుర్రాల సంక్షేమంపై చర్చ

పైన చెప్పిన తీర్పులు పందెం కాసేవాని గురించిన ప్రశ్నకు సమాధానం చెప్పాయి. గుర్రం గురించిన ప్రశ్న వాటి పరిధిలోకి రాలేదు. నైపుణ్యమా, అదృష్టమా అన్నది తేలినంత మాత్రాన, పరుగెత్తే జంతువుకు బాధ కలుగుతున్నదా లేదా అన్నది తేలదు.

విమర్శకుల వాదన ఇది. ఎముకలు పూర్తిగా గట్టిపడక ముందే, రెండేళ్ల వయసులో గుర్రాలను పందేలలోకి దింపుతున్నారు. తీవ్రమైన పరుగులో కాళ్లు విరగడం, ఊపిరితిత్తులలో రక్తస్రావం కలగడం జరుగుతుంది. కొరడా దెబ్బలు అదనం. గుర్రం పాతికేళ్లు, అంతకు మించి కూడా జీవించగలదు గాని దాని పందెపు జీవితం కొద్ది ఏళ్లలో ముగుస్తుంది. ఆ తరువాత దానిని పోషించే బాధ్యత ఎవరిదో స్పష్టత ఉండదు. పందేలను సమర్థించేవారు ఈ జాతి పరుగు కోసమే తరతరాలుగా పెంచబడిందని, పందెపు గుర్రాలకు లభించే ఆహారం, వైద్యం సాధారణ గుర్రాలకు దొరకవని, వేలాది కుటుంబాలకు ఇది జీవనాధారమని చెబుతారు.

1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం గుర్రాలకు కూడా వర్తిస్తుంది. 2014లో జల్లికట్టు కేసులో సుప్రీం కోర్టు, ఎద్దు శరీర నిర్మాణం గుర్రం వలె పరుగు పందేలకు తగినది కాదని అభిప్రాయపడింది. ఇది గుర్రపు పందేలను సమర్థించేవారికి బలం చేకూర్చినా, గాయాల గురించి, పందేల అనంతర జీవితం గురించి ఆ వ్యాఖ్య ఏమీ చెప్పదు. 2025లో హైదరాబాదు నుండి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌కు తరలించిన గుర్రాలలో పలు గుర్రాలు మరణించగా, ఆ విషయం అక్కడి హైకోర్టుకు చేరింది. దానితో ఈ చర్చ మరల ముందుకు వచ్చింది.

ఇతర దేశాలలో ఈ వివాదం దూకుడు పందేల విషయంలో మరింత తీవ్రంగా ఉన్నది. ఇంగ్లండులోని గ్రాండ్ నేషనల్ పందెంలో 2012లో రెండు గుర్రాలు మరణించిన తరువాత, 2013లో కంచెల లోపలి కొయ్య దిమ్మెల స్థానంలో వంగే ప్లాస్టిక్ పదార్థం అమర్చారు. 2024 నుండి పాల్గొనే గుర్రాల సంఖ్యను 40 నుండి 34కు తగ్గించారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1997లోనే ఈ పందేలను నిషేధించింది.

స్మృతి

పాలమూరుకు 1890లో ఇతని పేరు మీదుగా మహబూబ్‌నగర్ అని నామకరణం చేశారు. హైదరాబాదులో ఇతని పేరు పాఠశాలకు, మార్కెట్టుకు నిలిచి ఉండగా, ఇతని సేవకుని పేరు ఆబిడ్స్ రూపంలో నిత్యం వినబడుతున్నది. ఇతడు మలక్‌పేటకు తెచ్చిన పందేలు ఇతని తరువాత శతాబ్దం దాటి సాగాయి. ఆ పందేలలో పరుగెత్తే గుర్రం పట్ల సమాజం బాధ్యత ఎంత అన్న ప్రశ్న మాత్రం ఇతని కాలంలో ఎవరూ అడగనిది. దానికి సంపూర్ణమైన సమాధానం నేటికీ రావలసి ఉన్నది.