రక్తనాళములను కుట్టిన వైద్యుడు అలెక్సిస్ కారెల్



మూత్రపిండములు చెడి డయాలసిస్ చేయించుకొనువారి ముంజేతిమీద ఉబ్బిన నరమును మీరు చూచియుందురు. దానిమీద వ్రేళ్లు ఉంచినయెడల లోపల సన్నని అదురు తెలియును. దానిని ఫిస్టులా అందురు. అది రోగము కాదు; సూదులు గ్రుచ్చుటకు వీలుగా, గుండెనుండి రక్తము తెచ్చు ధమనిని సిరతో కలిపి శస్త్రవైద్యుడు వేసిన కుట్టు. జనగామలోనైనను, మహబూబాబాద్‌లోనైనను, భూపాలపల్లిలోనైనను అట్టి రోగి బ్రతుకు ఆ చిన్న కుట్టుమీదనే ఆధారపడియున్నది. ఆ కుట్టుపనికి దారి చూపినవాడు అలెక్సిస్ కారెల్.

ఆయన 1873 జూన్ 28న ఫ్రాన్సు దేశములో లియాన్ పట్టణము చెంత జన్మించెను. బాల్యములోనే తండ్రి మరణింపగా, భక్తిపరురాలైన తల్లి ఆయనను పెంచెను. ఆయన వైద్యము నేర్చుకొనుచున్న కాలమున, 1894 జూన్‌లో, ఫ్రాన్సు అధ్యక్షుడు సాదీ కార్నో లియాన్‌లో కత్తిపోటునకు గురియయ్యెను. కాలేయమునకు రక్తము చేర్చు పెద్ద సిర తెగెను. దానిని కుట్టి నిలుపు నేర్పు నాటి వైద్యులకు లేనందున ఆ రాత్రియే అధ్యక్షుడు మరణించెను. ఈ సంగతి కారెల్ మనస్సును కలచివేసెను.

లియాన్ పట్టునకు పేరుపొందిన ఊరు. ఆయన అచ్చటి ఎంబ్రాయిడరీ పనిలో ఆరితేరిన లెరూదియే అను స్త్రీయొద్ద సన్నని సూది పట్టుట నేర్చుకొనెను. మన స్త్రీల సమాజములో సూదిపని చేయు తల్లులు గమనింపదగిన సంగతి ఇది. గుండ్రని నాళపు అంచులను నేరుగా కుట్టబోయిన సూది అవతలి గోడకు తగులును. కావున ఆయన సమదూరమున మూడు కుట్లు వేసి, వాటిని లాగిపట్టి, గుండ్రని నోటిని మూడు తిన్నని అంచులుగా చేసి, గుడ్డ అంచును కుట్టినట్లు ఒక్కొక్కటి కుట్టెను. రక్తము గడ్డకట్టకుండ పట్టుదారమునకు వాసెలిన్ పూసెను. ఈ పద్ధతిని 1902లో ప్రకటించెను.

ఆ యేడే ఆయన లూర్దు యాత్రకు రోగులతో వెళ్లి, మరణావస్థలోనున్న యొక యువతి కోలుకొనుట చూచెను. చూచినదానిని దాచలేదు. అందువలన వైద్యులు ఆయనను మూఢవిశ్వాసి యనిరి. మతగురువులు అవిశ్వాసి యనిరి. స్వదేశములో ఉద్యోగమునకు దారి మూసికొనిపోగా 1904లో అమెరికా చేరెను.

1908లో న్యూయార్క్‌లో రక్తస్రావముతో చనిపోవుచున్న పసిబిడ్డ కాలి సిరకు తండ్రి చేతి ధమనిని కుట్టి, తండ్రి రక్తమును బిడ్డలోనికి పారించెను. బిడ్డ బ్రతికెను. 1912లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. 1966లో న్యూయార్క్ వైద్యులు మణికట్టువద్ద ధమనిని సిరతో కుట్టి డయాలసిస్‌కు ఫిస్టులాను ఏర్పరచు పద్ధతిని ప్రకటించిరి. అవయవ మార్పిడి చికిత్సయు ఈ కుట్టుపైననే నిలిచియున్నది.

ఇంతటి మేలు చేసినవాని జీవితములో ఒక చీకటి భాగమున్నది. దానిని దాచుట సత్యమునకు తగదు. 1935లో ప్రచురించిన గ్రంథములో ఆయన మనుష్యులను శ్రేష్ఠులనియు హీనులనియు విభజించి, ఘోరనేరములు చేసినవారిని, నేరము చేసిన మతిస్థిమితము లేనివారిని సహా, విషవాయువుతో చంపవచ్చునని వ్రాసెను. 1941లో జర్మనీకి లొంగిన ఫ్రాన్సు ప్రభుత్వపు అండతో ఒక సంస్థను స్థాపించెను. పారిస్ విముక్తి పొందిన పిమ్మట ఆ పదవి పోయెను. 1944 నవంబరు 5న, సంఘ సంస్కారములు పొంది, కన్నుమూసెను. లియాన్‌లో ఆయన పేరుగల వైద్యకళాశాల 1996లో ఆ పేరు తీసివేసెను.

ప్రియులారా, బలహీనులు బ్రతుకనక్కరలేదని తలంచిన వ్యక్తి కనుగొన్న కుట్టే నేడు బలహీనులను బ్రతికించుచున్నది. శరీరములో బలహీనమని తోచు అవయవము లేక తక్కినవి నిలువవని పౌలు కొరింథు సంఘమునకు బోధించెను. కారెల్ చేతికి తెలిసిన ఈ సంగతి ఆయన మనస్సునకు తెలియలేదు. వారమునకు రెండు మూడు మార్లు ఆసుపత్రికి పోవు సహోదరుని మనము భారముగా ఎంచినయెడల ఆయన తప్పిదమే మనదగును. అతనికి తోడుగా ఒకరు బస్సు ఎక్కుట, ఫిస్టులా ఉన్న చేతితో అతడు బరువు మోయకుండ ఆ బరువు మనము మోయుట, అదురు ఆగినయెడల ఆలస్యము చేయక వైద్యునియొద్దకు చేర్చుట, ఇవి సంఘము చేయదగిన పరిచర్య.